ముల్లు దిగుతలేదు

సూరత్, పర్వత్ పాటియా
ఏప్రిల్ 12

బామ్మర్ది రాజనర్సుకు, నీ బావ లక్ష్మీరాజం చెప్పొచ్చేది ఏందంటే,

ముందుగాల మీ అక్క మీద ఒక షికాయత్. సబ్బు అరిగి గోరంత అయితది గద, కొమురవ్వ దాన్ని పారెయ్యదు. కొత్త సబ్బు వీపుకు అంటిస్తది. నేను నెత్తి రుద్దుకుంటుంటె ఆ తునక ఊడి యెంటికలల్ల ఇరుక్కుంటది. నిన్న కిరాణా దుకాణం లలితమ్మతోని మాట్లాడుతుంటె ఆమె ఒకటే నవ్వుడు. చూసుకుంటె చెవెన్క ఎర్రగ సబ్బు తునక. నలభై ఎనిమిదేండ్ల సంది ఇదే గోస. మీ ఇంట్ల నేర్పిన తెలివే కావచ్చు. దీనికి నాకు జవాబు కావాలె.

ఇగ అసలు సంగతి. ఫోన్ల మాట నీకు వినరాదు, ఫోన్ల రాసుడు నాకు చాతగాదు. నీ చెవులను బట్ట నేసే సాంచెల మోత తిన్నది, నా సదువును నాలుగో తరగతి తిన్నది. అందుకే ఈ కాయితం.

మా కొడుకు శివకృష్ణ బిడ్డ హారతి రేడియో పరీక్ష పాసైంది. పాటలు వచ్చే రేడియో కాదు. ఇటు నుంచి మనం మాట్లాడితె అటు నుంచి ఇంకొకలు జవాబిచ్చేది. సర్కారోళ్ళు లైసెన్సు ఇచ్చిండ్రు, అక్షరాలు అంకెలు కలిపి ఒక పేరు గూడ ఇచ్చిండ్రు. "తాతా, ఇప్పుడు నాకు రెండు పేర్లు" అంటది. ఒక్క పేరుతోనే నీతోని వేగలేకపోతున్నం బిడ్డా అన్న.

ఇక్కడ ధీరజ్ సారు అని కంప్యూటర్ నౌకరి చేసేటాయన ఉన్నడు, మన తెలుగాయనే. వానకాలం ఫోన్లు బంద్ అయినప్పుడు ఈ రేడియోవాళ్ళు బండ్లు ఏసుకొని ఊరి సుట్టు తలా ఒక తావుల నిలవడ్తరట, ఎక్కడ నీళ్ళు వచ్చినయి, ఎవలు చిక్కుకున్నరు అని చెప్తరట. అండ్ల చేరాల్నంటే జూన్ ఎనిమిదిన బండిని పరీక్ష చేస్తరు. మనది చీరల మూటలు మోసే పాత ఓమ్ని గద, దాని కప్పు అంచుకు హారతి ఒక పట్టీ బిగించి నడుమెత్తు సన్న కడ్డీ నిలవెట్టింది. సూస్తే మీసమొచ్చిన ముసలి బర్రె లెక్క ఉన్నది బండి.

కని ముల్లు దిగుతలేదు. చిన్న మీటరు ఒకటి ఉన్నది. ఒకటిన్నరకు లోపల ఉండాల్నట. మనది మూడు దాటి ఎర్రదాంట్ల పడుకున్నది. కడ్డీ నుంచి బయటికి పోవాల్సిన జోరు తిరిగి రేడియో సెట్టుకే వస్తున్నదట. పిల్ల పరేషాన్ అయితున్నది. నువ్వు మిలిట్రీల పదిహేనేండ్లు వైర్లెస్ పని చేసినోనివి. ఎట్ల చెయ్యాల్నో రాయి.

పిల్లను చూస్తే సంబురమే నాకు. వానకాలం మాట ఎత్తితె మాత్రం బుగులైతది. ఎందుకో నీకు ఎరికే.

నీ బావ

---

సిరిసిల్ల
ఏప్రిల్ 22

బావకు, రాజనర్సు శనార్తి.

సబ్బు సంగతి మా అమ్మ నేర్పింది. మా ఇంట్ల అందరం గట్లనే చేస్తం. నీ నెత్తి మీద యెంటికలే లేవు, తునక ఎక్కడ ఇరికిందో అక్కను అడిగి రాయి.

హారతికి నా దీవెన. కింద రాసేది ఆమెకు చదివి వినిపియ్యి. నీ సొంత కల్పనలు కలుపకు.

మేము మిలిట్రీల దాన్ని ఏరియల్ అంటుంటిమి. ఏరియల్ అంటే కడ్డీ ఒక్కటే కాదమ్మా. కడ్డీ సగమే. మిగిలిన సగం బండి ఇనుము. రెండూ కలిస్తెనే మాట బయటికి పోతది. నువ్వు పట్టీ బిగించిన కాడ బండికి రంగు ఉంటది. రంగు మీద బిగిస్తె ఇనుముకు తాకనట్టే. పట్టీ విప్పి, ఆ తావుల రంగు మొత్తం గీకి ఇనుము మెరిసేదాక రుద్ది, అప్పుడు మర కొరికేటట్టు బిగియ్యి.

తర్వాత బండిని ఖాళీ జాగకు తీస్కపో. రేకుల షెడ్డు కింద, కరెంటు తీగెల కింద చూస్తె మీటరు అబద్ధం చెప్తది. తలుపులు ముయ్యి. మనుషులు ఐదడుగుల దూరం ఉండాలె. మీ తాత ఇరవై అడుగులు. ముల్లును మూడు కాడ చూడు, నీకు మాట్లాడనీకె ఇచ్చిన ఫ్రీక్వెన్సీ నంబర్లల్ల కింది కొస, నడుమ, మీది కొస. కింది కొసకు ముల్లు తక్కువ ఉంటె కడ్డీ పొడుగున్నట్టు. మీది కొసకు తక్కువ ఉంటె పొట్టిగున్నట్టు. పొడుగుంటె బియ్యపు గింజంత కొయ్యి, మల్ల చూడు, మల్ల గింజంత. తొందరపడకు. కోసింది అతుకదు.

బావా, ఇది ఓపిక పని. నీకు ఓపిక లేదు కాబట్టి దూరంగ కూసొని పల్లీలు తిను.

రాజనర్సు

---

సూరత్
మే 9

బామ్మర్ది,

నువ్వు చెప్పినట్టే చేసినం. పట్టీ విప్పి నేనే ఉప్పుకాయితం పెట్టి రుద్దిన. సాంచె ఇనుము రుద్దిన చేతులు గద, అద్దం లెక్క చేసిన. మే నాలుగున కడోదరా తొవ్వల, పెట్రోల్ బంకు ఎన్కకు ఖాళీ జాగ ఉంటె బండిని ఆడికి తీస్కపోయినం. హారతి లోపల కూసొని మీటరు చూసుడు, దిగుడు, గింజంత కోసుడు, మల్ల ఎక్కుడు. నన్ను వేపచెట్టు కింద కూసోపెట్టింది. నేను పల్లీలు తినుకుంట నీళ్ళ స్టీలు చెంబు పట్టుకొని ఊకె బండి దగ్గరికి పోయొచ్చిన. నేను దగ్గరికి పోయినప్పుడల్లా ముల్లు ఎగురుతున్నదట. పిల్ల పది నిమిషాలు కడ్డీనే అనుమానపడ్డది. తర్వాత నా చెంబును చూసింది. "తాతా, నిన్ను కడ్డీకి కట్టేస్త" అన్నది.

పొద్దుగూకే వరకు ముల్లు ఒకటి పాయింటు నాలుగు మీద నిలవడ్డది. మూడు కాడా మంచిగనే. హారతి సెట్ల మాట్లాడితె ధీరజ్ సారు ఊరి ఆ కొస నుంచి జవాబిచ్చిండు. "నీ గొంతు పక్క ఇంట్లకెల్లి వచ్చినట్టున్నది" అన్నడు. పిల్ల నన్ను పట్టుకొని ఎగిరింది. తొవ్వ పొడుగుత చెప్పుకుంట వచ్చింది. పరీక్షల పాసైతె ఆమె తావు ఖాడీ వాగు వంతెన కాడనట. నీళ్ళు ఎక్కువ వచ్చేది గాడనే గద, అన్నిటికంటె అవసరమైన తావు నాకే ఇస్తరు తాతా అని.

ఆ మాట విన్న కాంచి నాకు బువ్వ సక్కగ దిగుతలేదు.

నేను చేసుకున్నదే ఇది. వేడ్ రోడ్డు కాడ ఉన్నప్పుడు తాపీ నది ఊరి మీదికి వచ్చింది గద. హారతికప్పుడు నాలుగేండ్లు. మూడు దినాలు మిద్దె మీద ఉన్నం. ఒకాయన జీపుల రేడియో పెట్టుకొని వచ్చి, పేర్లు రాసుకొని, ఏడుగురం మంచిగున్నమని నీకు సిరిసిల్లకు కబురంపిండు. ఆ కథ దానికి ఎన్ని సార్లు చెప్పిననో. చెప్పినప్పుడల్లా జీపు ఇంక పెద్దగ, ఆయన మీసం ఇంక పొడుగ్గ. పిల్ల కండ్లు ఇంతింత చేసుకొని వింటుండె. నేనే చెప్పి చెప్పి దాన్ని ఈ రేడియోల పడేసిన.

ఇంకొక మాట. తెల్లారి చూస్తె కింది కొస, నడుమ, మీది కొస, అంతటా ముల్లు మల్ల మూడు దాటింది. ఎందుకో తెల్వది. హారతి కండ్లల్ల నీళ్ళు పెట్టుకొని కడ్డీ ఇంక కోస్త అని కత్తెర తీసింది. కోయకు బిడ్డా, ఆగు అని చెయ్యి పట్టుకున్న.

నీ బావ

---

సిరిసిల్ల
మే 20

బావకు,

నీ ఉత్తరం రెండు సార్లు చదివిన. చెంబు కాడ నవ్విన. తర్వాత నవ్వు రాలె.

మూడు కాడా ఒక్క తీరుగ ముల్లు ఎక్కింది అంటే తప్పు కడ్డీది కాదు. కడ్డీ తప్పైతె ఒక కొసకు ఎక్కువ, ఒక కొసకు తక్కువ చూపిస్తది. అంతటా ఎక్కితె బండి ఇనుముకు తాకుడు తప్పినట్టు. ముందటి దినం మంచిగ ఉన్నది తెల్లారేసరికి అట్ల కాదు. తుప్పు పట్టాల్నన్నా నెల పడ్తది. ఎవరి చెయ్యో పడ్డది. హారతిని ఆ పట్టీ విప్పి కింద ఏముందో చూడుమను. కడ్డీని మాత్రం ముట్టద్దని చెప్పు.

నీకు ఒక సంగతి చెప్త. ఇంతవరకు అక్కకు గూడ చెప్పలె. మిలిట్రీల ఉన్నప్పుడు కొండల్ల ఒకపారి మా బండి ఏరియల్ పట్టీ వదులైంది. పొద్దుగాల చూసుకోవాల్సింది, చూసుకోలె. మీదున్న మా మనుషులు నన్ను పిలుస్తున్నరు. మంచు పడుతున్నది, దిగాల్నా ఉండాల్నా అని అడుగుతున్నరు. వాళ్ళ మాట నాకు సక్కగ వినవడ్తున్నది. నా జవాబు వాళ్ళకు పోతలేదు. ఉన్నవా, ఉన్నవా అని ఇరవై సార్లు అడిగిండ్రు. ఉన్న, ఉన్న అని నేను ఒర్రుతనే ఉన్న. ఆఖరికి వాళ్ళు పిలుసుడు బంద్ చేసిండ్రు. అందరూ దిగొచ్చిండ్రు, దేవుని దయ. కని వాళ్ళు పిలుసుడు ఆపినంక సెట్ల ఒక సప్పుడు మిగిలింది చూడు, సుయ్యి అని. ఇప్పుడు నాకు మనుమల మాట వినరాదు, ఉరుము వినరాదు. ఆ సుయ్యి మాత్రం చెవుల్ల పొద్దుమాపు ఉంటది. డాక్టరు అది చెవుల రోగం అంటడు. అననీ.

ఆ పిల్ల ఎక్కడికన్నా పోనీ బావా, ఏరియల్ సక్కగ లేకుండ పోవద్దు. పోయిన మనిషి మాట వినవడకపోవుడు కంటె భయం ఇంకొకటి లేదు.

ఇంకొకటి. తాపీ పొంగిన ఏడాది జీపాయన పంపిన కబురు నా చేతికొచ్చినప్పుడు ఏడుగురం మంచిగున్నం అని ఉండె. నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్న. మీరు ఎనిమిది మంది. మల్ల లెక్కపెట్టిన. నీ తమ్ముడు లింగం పాల ప్యాకెట్ల కోసం పోయి తిరిగి రాలేదని కాయితంల రాయలె. ఏడు అనే అంకె చూసే నాకు తెలిసింది. ఇరవై ఏండ్లు కావొచ్చింది, నువ్వు ఒక్క ఉత్తరంల ఆ పేరు రాయలె. భయమైతె రాసుకో. చేతులతోని ఏం చెయ్యకు.

రాజనర్సు

---

సూరత్
జూన్ 10

బామ్మర్ది,

పరీక్ష అయిపోయింది. ముల్లు ఎర్రదాంట్లనే ఉన్నది. ధీరజ్ సారు మంచిగనే చెప్పిండు, ఈ ఏడు ఇంటికాడ ఉండి విను, వచ్చే ఏడు చూద్దాం అని. మీ అక్క నువ్వులుండలు చేసి పెట్టినా హారతి ముట్టలె.

నీ ఉత్తరం ఆలస్యంగ అందింది. పరీక్ష అయినంక. లేకుంటె చూపెట్టేటోన్నే.

పోనీలే, ఇంటి పట్టున ఉంటది. చీరల పని మస్తు ఉన్నది. నిన్న మొదటి వాన పడ్డది. వాసన మంచిగున్నది.

నీ బావ

---

సూరత్
జూలై 2

బామ్మర్ది రాజనర్సూ,

అక్షరాలు వంకరపోతె ఏమనుకోకు. ఈసారి సబ్బు ముచ్చట లేదు.

పోయిన వారం నాలుగు దినాలు వాన తెరిపి ఇయ్యలె. మూడో దినం పొద్దుగాల లేచేసరికి ఖాడీ నీళ్ళు మా గల్లీలకు పాదం మునిగేటంత వచ్చినయి. మేము మీది అంతస్తుల ఉంటం గద, మాకు పర్వాలేదు. శివకృష్ణ పాండేసర మిల్లుల డ్యూటీకి పోయి ఆడనే చిక్కుకున్నడు. ఓమ్నిని హారతి ముందు దినమే ఎత్తు మీద, పెద్ద తొవ్వకు పెట్టింది.

ఎనిమిదింటికి ధీరజ్ సారు ఫోన్ చేసిండు. కడోదరా తొవ్వకు పోవాల్సిన బండి ఇంకెక్కడనో నీళ్ళల్ల ఆగిపోయిందట. ఆ దిక్కు చూసేటోళ్ళు లేరు. "నీళ్ళల్లకు దిగకు హారతీ, బంకు కాడ ఎత్తు మీద నిలవడి ఎంత ఎక్కుతున్నయో చూసి ఫోన్ల చెప్పు చాలు" అన్నడు. వద్దు అని నేను ఎట్ల అందు? ఏం కారణం చెప్పుదు? మోకాలు నొప్పి అన్న, దవాఖానకు తీస్కపో అన్న. "తాతా, పొద్దున మెట్లు ఉరుక్కుంట ఎక్కినవు" అన్నది.

పోయేముందు చేతిల పట్టేటి చిన్న సెట్టు నా ముందర పెట్టింది. "బండి సెట్టు పని చేసినా చేయకున్నా అర్ధగంటకు ఒకపారి మాట్లాడుత. అంతా మంచిదే అంట. నువ్వు ఊకె విను. ఈ బటను ఒత్తద్దు, నీకు లైసెన్సు లేదు" అని బటను మీద టేపు చుట్టింది. నా బుద్ధి ఎరుక దానికి.

తొమ్మిదింటికి ఫోన్లు పోయినయి. సెట్ల సుయ్యి అన్నది. తొమ్మిదిన్నరకు సుయ్యి. పదింటికి సుయ్యి. మీ అక్క, పిల్ల ఏమన్నది అని అడిగితె, మంచిదే అన్నది అని చెప్పిన. నీ చెవుల్ల సప్పుడు ఎట్లుంటదో అప్పుడు తెలిసింది నాకు. ఎవలన్న మాట్లాడుతరని మనిషి చెవి పెట్టి వింటుంటె అది పెద్దగైతది. ఇల్లంత అదే.

పదింబావుకు పానా జేబుల ఏసుకొని లేచిన.

"ఎటు పోతున్నవు?" అన్నది కొమురవ్వ.

"చాయపత్త తెస్త."

మెట్ల కాడ నా అంగి పట్టుకున్నది. ఒర్రలె, తిట్టలె. "లింగం గూడ గిట్లనే చెప్పి పోయిండు. పాలు తెస్తనని" అన్నది. ఇన్నేండ్లల్ల ఆ పేరు ఇంట్ల వినవడుడు గదే మొదలు. అంగి విడిపించుకొని దిగిన.

నీళ్ళు ముందు మోకాలు, మలుపు కాడ నడుము. నల్లటి నీళ్ళు బామ్మర్దీ, రంగుల మిల్లు వాసన. కాలు కింద ఏముందో తెల్వది. మూత తెరిచిన మోరీ ఎక్కడుందో తెల్వది. గోడ పట్టుకొని ఒక్కొక్క అడుగు ఏసిన. ఒక చెప్పు కొట్టుకపోయింది, రెండోది నేనే ఇడిసిన. లింగం ఇట్లనే గోడ పట్టుకొని నడిచిండా, గోడ ఎక్కడ అయిపోయిందో వానికి అని ఒకటే ఆలోచన. పెద్ద తొవ్వకు వచ్చినంక పాలు పంచే ట్రాక్టర్ ఒకటి నన్ను ఎక్కించుకున్నది. "ముసలోడివి, సచ్చిపోవాల్నని ఉన్నదా?" అని హిందీల తిట్టిండు డ్రైవరు. ఆ తిట్లు తీపిగ ఉండె.

బంకు కాడ ఓమ్ని కనవడ్డది. కడ్డీ కనవడ్డది. పిల్ల కనవడలె.

ఆ నాలుగు అడుగులు ఎట్ల ఉరికిననో తెల్వది. ఉన్నది. బండి ఆవలి దిక్కు నిలవడి సెట్టు తాడుకున్న మైకు నోటికాడ పెట్టుకొని ఒర్రుతున్నది. గొంతు పోయింది. నన్ను చూసి తిట్టలె గూడ. చెయ్యి ఎత్తి చూపెట్టింది.

తొవ్వకు కింద, నీళ్ళ నడుమ, రేకుల షెడ్డు. కప్పు మీద మనుషులు. ఒకడు ఎర్ర బట్ట ఊపుతున్నడు. ఒకామె పిల్లను భుజం మీద పెట్టుకొని కూసున్నది. "తొమ్మిదింబావు నుంచి పిలుస్తున్న తాతా. ఎవ్వలు వింటలేరు. సెట్టు కాలిపోతున్నది, దాని జోరు అదే తగ్గించుకుంటున్నది. వాళ్ళను ఇడిసి నేను ఎట్ల పోవాలె? పోయొచ్చేసరికి లేకుంటె?"

తొమ్మిదింబావు నుంచి పది ముప్పావు. నీళ్ళు అప్పటికి కప్పు అంచుకు జానెడు కింద.

నేను పానా తీసి పట్టీ విప్పిన. కింద ఏదో చీర కవరు ముక్క మడతలు పడి ఇరికి ఉన్నది. గుంజిన. మల్ల బిగించిన. "చూడు బిడ్డా" అన్న. ముల్లు ఒకటిన్నర కాడ పడ్డది. హారతి ముల్లును చూసింది, నన్ను చూసింది, తర్వాత సెట్టు ఒత్తి మాట్లాడింది. ఒక్క క్షణం సుయ్యి. అండ్లకెల్లి ధీరజ్ సారు గొంతు. "హారతీ, చెప్పు, మంచిగ వినవడ్తున్నది." పిల్ల ఏడ్వలె. తావు చెప్పింది, పదకొండు మంది అన్నది, ఒక చిన్న పిల్ల అన్నది, నీళ్ళు ఎంతున్నయో చెప్పింది. మల్ల చెప్పింది. నీ లెక్కనే చెప్పింది, తొందర లేకుండ.

పడవ వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. మేము చేసేదేం లేదు. నేను తలకాయలు లెక్కపెట్టుకుంట నిలవడ్డ. పదకొండు. మల్ల పదకొండు. ఒకపారి పది వచ్చింది. పిల్ల తల్లి ఎన్కకు జరిగి ఉండె. మల్ల పదకొండు.

అందరినీ దించిండ్రు. అందరినీ.

నేను ఇంటికి వచ్చి మీ అక్కకు చాయపత్త దొరకలేదని చెప్పిన. ఆమె నా కాళ్ళు కడిగింది. ఆ కవరు ముక్క ఎక్కడిదో, ఎట్ల ఇరికిందో ఏందో.

నీ బావ

---

సిరిసిల్ల
జూలై 12

బావకు,

మీరు మంచిగున్నరు, అది చాలు. ఆ పదకొండు మంది మంచిగున్నరు. నీ అరికాలుకు దెబ్బలు తాకి ఉంటయి, దవాఖానల సూది ఏపిచ్చుకో. చాయపత్త మాట పక్కకు పెట్టు.

నీ ఉత్తరం వచ్చిన దినమే హారతి రాసిన ఉత్తరం గూడ వచ్చింది. తెలుగు అక్షరాలు కష్టపడి రాసింది పాపం. ఉన్నది ఉన్నట్టు నీకు దింపుతున్న:

"సిరిసిల్ల తాతా, పట్టీ కింద తుప్పు పట్టద్దని చీర కవరు మడత పెట్టమని మీరు రాసిండ్రట. మా తాత చెప్పిండు. మిలిట్రీల గట్లనే చేస్తరా? దాంతోనే పరీక్ష పోయింది. గంటన్నర నా మాట ఎవ్వలకు పోలె. వాళ్ళకు ఏమన్న అయితె నేను బతికేదాన్ని కాదు. మీరు అట్ల ఎందుకు రాసిండ్రో నాకు చెప్పాలె."

పదిహేనేండ్లు ఆ పని చేసిన బావా. నాకు ఒక్క మెడల్ రాలె, ఫోటో లేదు. ఏరియల్ సక్కగ కట్టుడు ఒక్కటే నాకు వచ్చిన విద్య. ఇనుముకు ఇనుము తాకాలె అని నేను ఏప్రిల్ నెలనే రాసిన. ఆ కాయితం నీ దగ్గర ఉన్నది.

పిల్లకు ఇంక జవాబు రాయలె. నీ పేరు చెప్పాల్నా, తప్పు నా మీద ఏసుకోవాల్నా, నువ్వే చెప్పు. నువ్వు చెప్పేదాక నా కలం ఎత్తను. కోపం లేదు. నీ బుగులు నాకు అర్థమైంది. కని ఆ గంటన్నర ఆ పిల్ల నెత్తి మీద ఉన్నది. దాన్ని దించాలె.

రాజనర్సు

---

సూరత్
జూలై 20

బామ్మర్ది,

సూది ఏపిచ్చుకున్న. దవాఖాన నర్సమ్మతోని నీ చెయ్యి సాంచె తీరుగ ఆడుతున్నది అన్న, రెండోది గట్టిగ పొడిచింది.

నువ్వు అడిగిందానికి జవాబు.

మే ఐదున, హారతి లేవకముందు, మీ అక్క రాళ్ళు అంటించే చీరల కట్టల నుంచి ఒక కవరు తీసిన. కత్తెరతోని అరచెయ్యంత కోసి నాలుగు మడతలు పెట్టిన. పట్టీ విప్పి, నేను అద్దం లెక్క రుద్దిన తావుల పెట్టి, బిగించిన. బయటికి ఒక్క పోగు కనవడలె. నలభై ఏండ్లు సాంచెల కాడ పని చేసిన చేతులు గద. ఖాడీ వంతెన మాట ఆమె నోట్ల నుంచి వచ్చినంక రాత్రంత నాకు లింగమే కనవడ్డడు. పాల ప్యాకెట్లు చేతిల పట్టుకొని నిలవడ్డడు. పిల్ల పరీక్షల తప్పితె ఇంట్ల ఉంటది అనుకున్న. అంతే అనుకున్న. తప్పినా గూడ పోతదని, ఆ ముక్క పెట్టుకొని పోతదని నా నాలుగో తరగతి తెలివికి తట్టలె.

నీ మే నెల ఉత్తరం ఆలస్యంగ రాలె. ఇరవై ఏడున వచ్చింది. బియ్యం డబ్బా కింద పెట్టిన. దినాం బువ్వ వండేటప్పుడు మీ అక్క ఆ డబ్బా జరుపుతుంటె నా ప్రాణం జరిగేది.

హారతి ఇప్పుడు మల్ల పోతున్నది. ధీరజ్ సారు పరీక్ష లేకుండనే తావు ఇచ్చిండు, గా వంతెనే. వాన పడ్డప్పుడల్లా నేను సెట్టు ముందర కూసుంట. బుగులు పోలె. తగ్గలె గూడ. కని అర్ధగంటకు ఒకపారి "అంతా మంచిదే" అని వినవడ్తది. మీ అక్క గూడ వచ్చి పక్కన కూసుంటది. పొద్దుగాల పట్టీ విప్పి చూసుడు నా పని. కింద ఇనుము తప్ప ఏం లేదని చూసి బిగిస్త. హారతి మల్ల విప్పి చూస్తది. నా ఎదురుంగనే చూస్తది. చూడనీ, అది నాకు తగినదే.

నీకు తెలుసు గద, ఉత్తరం కవరు మీద చిరునామా రాసేది హారతే. ఇన్ని దినాలు అంటించి ఇచ్చేది. ఈ కాయితం అంటియ్యకుండ ఇస్తున్న. ముందుగాల ఆమె చదువుతది, తర్వాత నువ్వు.

ఇగ మిగిలింది ఒక్కటి. ఆ దినం బంకు కాడ, పడవ పోయినంక, పిల్ల ఆ ముక్క అరచేతుల పట్టుకొని "తాతా, ఇది ఎవలు పెట్టిండ్రు?" అని అడిగింది. ముక్క మీద మీ అక్క గీసిన చీర నంబరు ఉండె, ఇంటి ముక్కనే అని పిల్లకు తెలిసిపోయింది. నా నోట్లకెల్లి నీ పేరు వచ్చింది. సిరిసిల్ల తాత తుప్పు పట్టద్దని రాసిండు అన్న. అబద్ధం ఆడుదామని ముందే అనుకోలె, ఎప్పటి లెక్క వచ్చింది, మోకాలు నొప్పి తీరుగ, చాయపత్త తీరుగ. నీకెట్లాగు చెవులు వినరావు, ఎంత తిట్టినా నీకు తాకదు అనుకున్న.

నీ బావ
లక్ష్మీరాజం